ఏడో అంశం

మార్చి మొదటి మంగళవారం.
బడి జిమ్‌లో, బాస్కెట్‌బాల్ గీతల మీద
నూట నలభై మడత కుర్చీలు.
ఈస్ట్ హార్లోలో ప్రభుత్వమంటే
ఏడాదికి ఒకరోజు, ఇవే.

గుమ్మం దగ్గర బూట్లు వదిలిన బురద,
బల్ల మీద బీన్స్ గిన్నెలు, మేపుల్ పాకం పూసిన రొట్టె.
బడ్జెట్ చదువుతున్నంతసేపూ
ఎవరి పసిపాపో గుక్కపట్టి ఏడుస్తూనే ఉంది.
నేను ఊరి గుమాస్తాని. మినిట్స్ రాస్తాను.
ఇరవై రెండేళ్లుగా ఈ ఊరు అన్న ప్రతి ఔనూ, ప్రతి కాదూ
నా చేతిరాతలోనే ఉన్నాయి.

రాజధానిలో గుమ్మటం కింద
సభలు రెండూ ఒప్పుకున్న చట్టాన్ని ఒక్క మనిషి ఆపొచ్చు,
ఆపినదాన్ని మూడింట రెండు వంతులు మళ్లీ లేపొచ్చు,
లేచినదాన్ని నల్లగౌన్ల వాళ్లు కొట్టేయొచ్చు.
ఏ ఒక్కరి చేతికీ తాడంతా అందకుండా
పురులు విడదీసి పెట్టినవాళ్ల భయం
నాకు నచ్చుతుంది.
మాకు అంత తాడు లేదు.
ఉన్నదల్లా హెస్టర్ ఎల్డ్రిడ్జ్ చేతిలో ఒక చెక్క సుత్తి,
ముక్కు మీంచి జారే ఆమె కళ్లద్దాలు.
"అధ్యక్షస్థానం వైపు చూసి మాట్లాడండి" అంటుంది
సొంత తమ్ముడితో కూడా.

ఏడో అంశం: హెరన్ హిల్ రోడ్డును ఊరు వదులుకోవాలా?

రెండు మైళ్ల పావు. చివర ఒకే ఇల్లు.
అందులో ఆల్సీడ్ ఫోర్టియర్, ఎనభై మూడేళ్లు,
ఒక కుంటి కుక్క.
రోడ్ల ఫోర్‌మన్ డెల్మార్ కిట్రెడ్జ్ లేచి
కాగితం చూడకుండా లెక్క చెప్పాడు.
ఇసుక, ఉప్పు, డీజిల్, పోయినేడు రాతికి తగిలి విరిగిన బ్లేడు.
ఒక్క మనిషి కోసం పద్నాలుగు వేల డాలర్లు.
"ఆల్సీడ్ మీద నాకేం కోపం లేదు" అని
కాసేపు నిలబడి, కూర్చున్నాడు.

నలుగురు నడిస్తేనే దారి అంటారు.
ఒక్కడే నడిస్తే ఏమనాలి?
అది ఎవరూ అడగలేదు. పన్ను గురించే అడిగారు.
పాలశాల వాళ్లమ్మాయి, ఓటొచ్చి మూడు వారాలు,
చెప్పదలుచుకున్నదంతా నిలబడగానే మరిచిపోయి,
"మరి అంబులెన్స్ ఎలా వెళ్తుంది?" అని మాత్రం అని
చెవులదాకా ఎర్రబడి కూర్చుంది.

గొంతులతో తేలలేదు. చేతులెత్తమంది హెస్టర్.
వరసవరసకీ పెన్ను చూపిస్తూ లెక్కపెట్టాను.
వదులుకుందామన్నవి అరవై నాలుగు.
అందులో, చివరి వరసలో, గోడ పక్కన,
ఉన్ని గ్లౌజు తీయకుండా ఎత్తిన చెయ్యి
ఆల్సీడ్‌ది.

అతనికి వినికిడి తక్కువ. తప్పు విన్నాడేమోనని
హెస్టర్ అంశాన్ని మళ్లీ చదివింది,
నెమ్మదిగా, పెద్దగా.
ఆ చెయ్యి దిగలేదు.

వద్దన్నవీ అరవై నాలుగే.

సరిసమానమైతే తీర్మానం వీగిపోతుంది.
ఊరు మనసు తేల్చుకోలేనప్పుడు
ఉన్నది ఉన్నట్టు ఉండాలి. అదీ రూలు.
రోడ్డు నిలిచింది,
దాని కొసన బతికేవాడు పోనీయమన్నా.
నేనూ చెయ్యెత్తాను. ఏ అరవై నాలుగులోనో
మినిట్స్‌లో లేదు.

కుర్చీలు మడుస్తుంటే ఆల్సీడ్ నా బల్ల దగ్గరికొచ్చాడు.
"ఎవరు ఎటో రాస్తావా?"
"లేదు. చేతులకు పేర్లుండవు."
తలూపాడు. కుక్క కోసం మిగిలిన బీన్స్
డబ్బాలో పెట్టించుకున్నాడు.
ఎందుకలా వేశావని అడగబోయి
పెన్నుకు మూత పెట్టాను.

గురువారం రాత్రి మళ్లీ మంచు.
తెల్లవారుజాము నాలుగున్నరకి
మా వంటగది కిటికీలోంచి చూశాను:
డెల్మార్ బండి నారింజ దీపం
మెయిన్ రోడ్డును ఇంకా ముట్టుకోలేదు,
ముందు హెరన్ హిల్ ఎక్కుతోంది,
బ్లేడు దించి,
రెండు మైళ్ల పావు,
పోనూ రానూ.